హాల్లో వినిపించని కంప్యూటర్: హోమ్ థియేటర్ కోసం విడిభాగాల ఎంపిక

ఇంటి హాల్లో టీవీ కింద పెట్టే కంప్యూటర్‌ను సమకూర్చుకునేటప్పుడు చాలామంది ముందు ప్రాసెసర్ వేగం చూస్తారు, ఆ తరువాత ర్యామ్ చూస్తారు, ఇంకా డబ్బు మిగిలితే కూలర్ సంగతి ఆలోచిస్తారు. సినిమాలు చూడటానికీ పాటలు వినడానికీ పెట్టుకునే కంప్యూటర్ విషయంలో ఈ వరుస తలకిందులు కావాలి. శబ్దం చేసేది ఫ్యాను, ఫ్యానును తిప్పించేది వేడి, ఆ వేడిని పుట్టించేది చాలాసార్లు మనకు ఏనాడూ అవసరం పడని శక్తి. వేడెక్కే ప్రాసెసర్‌ను కొని, దాన్ని చల్లబరచడానికి ఖరీదైన కూలర్‌ను కూడా కొనడం కన్నా, మొదటే తక్కువ వాట్లతో పని కానిచ్చే ప్రాసెసర్‌ను ఎంచుకోవడం మేలు. ఇక్కడ ప్రతి విడిభాగాన్నీ ఆ ఒక్క ప్రశ్నతోనే తూచుతున్నాను: అది హాల్లోకి ఎంత వేడిని, ఎంత చప్పుడును తెస్తుంది?

మన ఇళ్లలో ఈ సమస్య వెంటనే బయటపడదు. వేసవిలో సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ చప్పుడు అందులో కలిసిపోతుంది. కార్తీకం వచ్చి, ఫ్యాను ఆపి, పక్క గదిలో పెద్దవాళ్లు పడుకున్నారని టీవీ వాల్యూమ్ తగ్గించి, రాత్రి పదకొండింటికి సినిమా పెట్టుకున్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. పాత్రలు గుసగుసగా మాట్లాడుకునే సన్నివేశంలో టీవీ యూనిట్ లోంచి సన్నటి ఈల వంటి చప్పుడు వినిపించడం మొదలైతే, ఇక చెవి దాన్ని వదలదు. కాబట్టి కంప్యూటర్ నిశ్శబ్దంగా ఉందో లేదో తేల్చవలసింది దుకాణంలో కాదు, చలికాలపు రాత్రి, సీలింగ్ ఫ్యాను ఆపి, ఫ్రిజ్ మోటారు కూడా ఆగిన నిమిషంలో, మనం రోజూ కూర్చునే సోఫాలో కూర్చుని.

శబ్దానికి సంబంధించిన మూడు లెక్కలు తెలిస్తే ప్రకటనల్లోని అంకెలు మనల్ని తికమక పెట్టవు. పది డెసిబెళ్లు పెరిగితే మన చెవికి శబ్దం సుమారు రెట్టింపు అయినట్లు అనిపిస్తుంది. ఒకే రకమైన రెండు ఫ్యాన్లు పక్కపక్కన తిరిగితే పెరిగేది మూడు డెసిబెళ్లే. ఒకే ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే మాత్రం దాదాపు పదిహేను డెసిబెళ్లు తగ్గుతుంది. అంటే వేగంగా తిరిగే ఒక చిన్న ఫ్యాను కన్నా, మెల్లగా తిరిగే రెండు పెద్ద ఫ్యాన్లు ఎంతో ప్రశాంతంగా ఉంటాయి. 120 మిల్లీమీటర్ల మంచి ఫ్యాను నిమిషానికి 600, 700 చుట్లు తిరుగుతుంటే మూడు మీటర్ల దూరంలో ఉన్న సోఫాలోకి అది వినిపించడం కష్టం. అరచేతిలో పట్టే మినీ కంప్యూటర్లలోని చిన్న ఫ్యాన్లకు ఆ అవకాశం లేదు. అవి గాలిని తోయాలంటే వేగంగానే తిరగాలి, వాటి చప్పుడు కూడా సన్నగా, చెవిలో గుచ్చుకునేలా ఉంటుంది.

విడిభాగాల దగ్గరికి వెళ్లే ముందు ఆ కంప్యూటర్‌లో ఏం చూడబోతున్నారో నిజాయితీగా తేల్చుకోవాలి. మీరు చూసేదంతా ఓటీటీయే అయితే ఈ ఖర్చు అవసరమా అని ఒకసారి ఆలోచించండి. నెట్‌ఫ్లిక్స్ 4కే చిత్రాన్ని ఇలా సమకూర్చుకున్న కంప్యూటర్‌లో చూడాలంటే విండోస్, అందులో ఎడ్జ్ బ్రౌజర్ గానీ వారి సొంత యాప్ గానీ ఉండాలి, టీవీ వరకూ ఉన్న ప్రతి పరికరమూ కాపీ రక్షణ పద్ధతి అయిన హెచ్‌డీసీపీ 2.2కు అనుకూలంగా ఉండాలి. లినక్స్‌లో ఆ అవకాశమే లేదు. అదే పనిని టీవీలోని యాప్ గానీ ఒక చిన్న స్ట్రీమింగ్ స్టిక్ గానీ ఏ ఫ్యానూ లేకుండా చేసిపెడుతుంది. కంప్యూటర్ విలువ వేరే చోట ఉంది: సొంత సినిమా నిల్వ, డిస్కుల నుంచి ఎక్కించుకున్న పాత చిత్రాలు, పెళ్లి వీడియోలు, అమెరికా నుంచి పిల్లలు పంపిన ఫోన్ వీడియోలు, ప్రకటనలు అడ్డురాకుండా పాటల జాబితాలు, ఏ ఫైలునైనా తెరవగలిగే స్వేచ్ఛ. ఇవి మీకు ముఖ్యమైతే ముందుకు చదవండి.

వీడియో ఫైళ్లు కొన్ని నిర్దిష్టమైన పద్ధతుల్లో కుదించి ఉంటాయి. వాటిని విప్పే పనికి ప్రాసెసర్‌లోనే విడిగా ఒక చిన్న విభాగం ఉంటే 4కే సినిమా కూడా కొద్ది వాట్లతో నడిచిపోతుంది. ఆ విభాగానికి ఆ పద్ధతి తెలియకపోతే భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడి, వేడి పెరిగి, ఫ్యాను అందుకుంటుంది. ఫోన్ వీడియోలూ 4కే డిస్కులూ ఎక్కువగా హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో ఉంటాయి. యూట్యూబ్ 4కే వీడియోలు వీపీ9 లేదా ఏవీ1 పద్ధతుల్లో వస్తాయి, పాత హెచ్.264 పద్ధతిలో యూట్యూబ్ 1080 గీతలకు మించి ఇవ్వదు. అందుకని ఈ రోజున కొనే ప్రాసెసర్‌కు హెచ్‌ఈవీసీ పది బిట్ల రకం (రంగుల్లో సూక్ష్మమైన తేడాలు చూపేది), వీపీ9, ఏవీ1 మూడూ తెలిసి ఉండాలన్నది నా మొదటి నియమం. దీని ముందు కోర్ల సంఖ్య, గిగాహెర్ట్‌జులు లెక్కలోకి రావు.

ఆ నియమంతో చూస్తే ముందుగా నిలబడేది ఇంటెల్ ఎన్100. 2023 ఆరంభంలో వచ్చిన ఈ ప్రాసెసర్ ఆరు వాట్ల రేటింగ్‌తో, నాలుగు చిన్న కోర్లతో ఉంటుంది, పై మూడు పద్ధతులూ దీనికి తెలుసు. సినిమా చూసే పనికి ఇది చాలు. అయితే దీన్ని కొనడంలో ఒక మెలిక ఉంది. ఇదే ప్రాసెసర్‌తో వచ్చే చాలా మినీ కంప్యూటర్లలో తయారీదారులు బయాస్‌లో (మదర్‌బోర్డు మూల సెట్టింగుల్లో) వాట్ల పరిమితిని ఆరు కన్నా బాగా పైకి పెట్టి, ఒక చిన్న ఫ్యానును బిగించి పంపుతారు. ఆ ఫ్యాను చప్పుడుతో ప్రాసెసర్ మంచితనమంతా వృథా అవుతుంది. ఫ్యాను లేకుండా, వేడిని గాలిలోకి వదిలే పెద్ద అల్యూమినియం హీట్‌సింక్‌తో వచ్చే ఎన్100 మదర్‌బోర్డులు ఉన్నాయి. ఏఎస్‌రాక్ వారి ఎన్100డీసీ-ఐటీఎక్స్ వంటి బోర్డు ల్యాప్‌టాప్ అడాప్టర్ లాంటి 19 వోల్టుల అడాప్టర్‌తోనే నడుస్తుంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లో పెట్టే పవర్ సప్లై) అవసరం కూడా తప్పుతుంది. ఒక ఎస్‌ఎస్‌డీ, ఎనిమిది లేదా పదహారు జీబీల ర్యామ్ జోడిస్తే తిరిగే భాగమంటూ ఒక్కటీ లేని కంప్యూటర్ తయారవుతుంది.

దీనికన్నా చిన్నది రాస్‌ప్‌బెర్రీ పై 5 అనే ఒంటి బోర్డు కంప్యూటర్. హెచ్‌ఈవీసీ 4కే వీడియోలను ఇది హాయిగా చూపిస్తుంది, టీవీ రిమోట్‌తోనే దీన్ని నడపవచ్చు. కానీ ఏవీ1, వీపీ9లకు దీనిలో ప్రత్యేక విభాగం లేదు. బ్రౌజర్‌లో 4కే యూట్యూబ్ చూడాలనుకునేవారికి నేను దీన్ని సూచించను, సొంత నిల్వలోని సినిమాల వరకే చాలనుకునేవారికి తప్పక సూచిస్తాను.

కంప్యూటర్‌ను సినిమాలతో పాటు ఇంట్లో ఇతర పనులకూ వాడాలనుకుంటే ఇంటెల్ ఐ3-12100 గానీ ఏఎమ్‌డీ రైజెన్ 5 8600జీ గానీ తగినవి. మొదటిదాని బేస్ రేటింగ్ 60 వాట్లు, రెండోదానిది 65. రెండింటికీ ఏవీ1 తెలుసు. పిల్లలు టీవీలో తేలికపాటి ఆటలు ఆడతారంటే 8600జీలోని గ్రాఫిక్స్ బాగా మెరుగైనది. దానికి ర్యామ్‌ను ఒకే పెద్ద స్టిక్‌గా కాక సమానమైన రెండు స్టిక్కులుగా వేయాలి, లేకపోతే ఆ గ్రాఫిక్స్ శక్తి చాలావరకు పనికిరాకుండా పోతుంది. బయాస్‌లో దాన్ని 45 వాట్లకు పరిమితం చేస్తే సినిమాలకు ఏ లోటూ రాదు, ఫ్యాను మాత్రం స్పష్టంగా నెమ్మదిస్తుంది. ఇక్కడ కొనేవారు తరచు చేసే రెండు పొరపాట్లు చెప్పాలి. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కొన్ని వందలు తగ్గుతుందని ఐ3-12100ఎఫ్ తీసుకుంటే వేలు పెట్టి విడిగా కార్డు కొనాల్సి వస్తుంది. అలాగే ఇప్పటికీ చౌకగా దొరుకుతున్న రైజెన్ 5 5600జీ మంచి ప్రాసెసరే అయినా దానికి ఏవీ1 రాదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన పాత చిన్న కంప్యూటర్లు దొరుకుతాయి. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ వంటివి నిఘంటువంత పరిమాణంలో ఉండి 35 వాట్ల ప్రాసెసర్లతో నడుస్తాయి, గట్టి నిర్మాణం. తక్కువ బడ్జెట్‌లో ఇవి మంచి దారే. కాకపోతే ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లకు ఏవీ1 తెలియదు, వాటి హెచ్‌డీఎంఐ సాధారణంగా 1.4 వెర్షన్. అందులో 4కే చిత్రం సెకనుకు 30 ఫ్రేములకు మించి రాదు, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను బాగా చూపే చిత్రం) కూడా రాదు. డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ 2.0కు మార్చే యాక్టివ్ అడాప్టర్ కొంటే 60 ఫ్రేముల సమస్య తీరుతుంది. టీవీ 1080దే అయినవారికి ఈ చిక్కులేవీ లేవు, వారికి ఇదే ఉత్తమమైన ఎంపిక అంటాను. ఏడో తరం లేదా అంతకన్నా పాతది మాత్రం వద్దు. వాటికి విండోస్ 11 అధికారికంగా దొరకదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లినక్స్ మీద కోడి అనే మీడియా ప్లేయర్‌ను నడిపే లిబ్రెఎలెక్ వేసుకుంటామంటే అది వేరే విషయం.

విడి గ్రాఫిక్స్ కార్డు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: వద్దు. ఫ్యాను లేని జీటీ 1030 కార్డును ఒకప్పుడు ఈ పనికి బాగా వాడేవారు, దానికి ఏవీ1 రాదు. చిన్న కార్డుల్లో 2022లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400కు కూడా ఏవీ1 రాదంటే నమ్మడం కష్టం, కానీ నిజం. పెద్ద ఆటలు హాల్లోనే ఆడాలనుకునేవారు పెద్ద కార్డును, దానితో పాటు దాని చప్పుడును ఒప్పుకోవాల్సిందే.

ఫ్యాను పూర్తిగా లేని కంప్యూటరా, మెల్లగా తిరిగే ఫ్యాను ఉన్నదా అనే ప్రశ్నకు మన ఎండలే సమాధానం చెప్పాలి. కేబినెట్ గోడలనే హీట్‌సింక్‌గా వాడే స్ట్రీకామ్, హెచ్‌డీప్లెక్స్, అకాసా కేబినెట్లు చూడటానికి అందంగా, అసలు చప్పుడే లేకుండా ఉంటాయి. అయితే వీటిలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతతో పాటే కదులుతుంది. 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 60కి చేరుతుంటే, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 40 డిగ్రీలున్న హాల్లో అదే పనికి సుమారు 75కు చేరుతుంది. దాన్ని అద్దాల తలుపులు మూసిన టీవీ యూనిట్‌లో పెడితే ఇంకో పది డిగ్రీలు సులభంగా ఎక్కుతుంది. చల్లని దేశాల్లో ఉన్నవారు రాసిన కొలతలను చూసి ఫ్యాను లేని కేబినెట్‌లో 65 వాట్ల ప్రాసెసర్ పెట్టుకోవద్దని అందుకే చెబుతున్నాను. ఆరు నుంచి 35 వాట్ల వరకూ అయితే ఫ్యాను లేని కేబినెట్, అంతకు మించితే పెద్ద కూలర్‌తో మెల్లని ఫ్యాను. మన వాతావరణానికి నేను గీసే గీత ఇది.

ఫ్యానున్న కూలర్ ఎంచుకునేటప్పుడు కేబినెట్ లోపలి ఎత్తును ముందుగా కొలుచుకోవాలి. ఫ్రాక్టల్ నోడ్ 202 వంటి పలుచని కేబినెట్‌లో 56 మిల్లీమీటర్ల కన్నా ఎత్తున్న కూలర్ పట్టదు. 37 మిల్లీమీటర్ల నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ అందులో ఇమిడిపోతుంది, కానీ దానికి ఉన్నది 92 మిల్లీమీటర్ల పలుచని ఫ్యాను. 70 మిల్లీమీటర్ల ఎన్‌హెచ్-ఎల్12ఎస్‌కు 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉంటుంది, సగం వేగంతోనే అంత పనీ చేస్తుంది. కేబినెట్ రెండు అంగుళాలు లావైతే టీవీ కింద వచ్చే నష్టమేమీ లేదు, చెవికి మాత్రం ఎంతో తేడా. పాత ఆంప్లిఫయర్ల ఆకారంలో ఉండే సిల్వర్‌స్టోన్ గ్రాండియా వరుస కేబినెట్లు నాకు ఇష్టం కావడానికి కారణం అదే. గాలి లోపలికి వచ్చే చోట తీసి కడుక్కోగల డస్ట్ ఫిల్టర్ ఉండి తీరాలి. రోడ్డు పక్క ఇళ్లలో మూడు నెలలకే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుని ఫ్యాను వేగం పెరుగుతుంది.

ఇక హార్డ్ డిస్క్. నేను మొదట అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్‌లో రెండు ఫ్యాన్లు మార్చినా ఒక మూలుగు లాంటి ధ్వని పోలేదు. ఒక రాత్రి కేబినెట్ మూత తీసి, స్క్రూలు విప్పి, తిరుగుతున్న హార్డ్ డిస్కును అరచేతిలోకి మెల్లగా ఎత్తగానే ఆ మూలుగు ఒక్కసారిగా ఆగిపోయింది. తిరిగి ఇనుప ట్రేలో పెట్టగానే మళ్లీ మొదలైంది. శబ్దం డిస్కుది కాదు. దాని కంపనం రేకు గుండా చెక్క టీవీ యూనిట్‌లోకి దిగి, ఆ యూనిట్ అంతా వీణ బుర్రలా మోగుతోంది. పాత సైకిల్ ట్యూబును ముక్కలుగా కోసి రెండు మడతలు వేసి డిస్కు కిందా, కేబినెట్ కాళ్ల కిందా పెట్టాను, మూలుగు పోయింది. తిరుగుతున్న డిస్కును అలా కదపడం ప్రమాదమని ఇప్పుడు తెలుసు, మీరు ఆపిన తరువాతే చేయండి.

అంతకన్నా మంచిది హార్డ్ డిస్కును హాల్లోనే ఉంచకపోవడం. హాలు కంప్యూటర్‌లో ఒక ఎస్‌ఎస్‌డీ మాత్రమే పెట్టి, సినిమాల నిల్వను మరో గదిలో రూటర్ పక్కన ఉన్న ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్‌కు కలిపే డిస్కుల పెట్టె)లోకి గానీ పాత కంప్యూటర్‌లోకి గానీ మార్చి, మధ్యలో లాన్ కేబుల్ లాగండి. 4కే డిస్కు వేగం సెకనుకు 100 మెగాబిట్లను దాటగలదు కాబట్టి 100 మెగాబిట్ల పాత స్విచ్‌లు సరిపోవు, గిగాబిట్ ఉండాలి. చాలా టీవీల లాన్ పోర్టు 100 మెగాబిట్లదే కావడం వల్ల పెద్ద ఫైళ్లు టీవీలో ఆగి ఆగి నడుస్తాయి, కంప్యూటర్‌లో సాఫీగా నడుస్తాయి.

ఎస్‌ఎంపీఎస్ ఎంపికలో పెద్ద వాట్లంటే భద్రత అనే నమ్మకం ఈ పనికి తగదు. 80 ప్లస్ గోల్డ్ ముద్ర కోసం 20, 50, 100 శాతం భారాల దగ్గరే సామర్థ్యం కొలుస్తారు. మన కంప్యూటర్ సినిమా ఆడేటప్పుడు వాడేది బహుశా 30 వాట్లు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు అది ఐదు శాతం లోపే. ఆ స్థితిలో అది ఎంత పొదుపుగా పనిచేస్తుందో ఆ ముద్ర చెప్పదు. చిన్న కంప్యూటర్‌కు బయటి అడాప్టర్, లేదా పికోపీఎస్‌యూ వంటి చిన్న బోర్డు చాలు. ఎస్‌ఎంపీఎస్ తప్పనిసరి అయితే తక్కువ భారంలో ఫ్యాను పూర్తిగా ఆగిపోయే రకాన్ని తీసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌దో స్క్వేర్ వేవ్‌దో తప్పక చూసుకోవాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు తీసుకునే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్ కరెంటు మీద గుయ్యిమనవచ్చు, కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. ఇన్వర్టర్ వెనుక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌లో పెడితే ఆ మారే వ్యవధి తగ్గుతుంది.

చిత్రం, ధ్వని బయటికి వచ్చే దారి మీద కూడా శ్రద్ధ అవసరం. 4కే, 60 ఫ్రేములు, హెచ్‌డీఆర్ కావాలంటే మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ కనీసం 2.0ఏ అని స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. డిస్కుల్లో ఉండే, నాణ్యత తగ్గని డాల్బీ ట్రూహెచ్‌డీ ధ్వని ఆప్టికల్ కేబుల్ గుండా వెళ్లదు, మామూలు ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే సౌండ్‌బార్‌కు పంపే దారి) గుండా కూడా వెళ్లదు. కంప్యూటర్‌ను నేరుగా స్పీకర్లను నడిపే ఏవీ రిసీవర్‌కు కలపాలి, లేదా టీవీకి, సౌండ్‌బార్‌కు రెండింటికీ దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ ఉండాలి. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములవి కాబట్టి కోడి సెట్టింగుల్లో తెర రిఫ్రెష్ రేటును వీడియోకు తగినట్లు మార్చే ఎంపికను ఆన్ చేయండి. అది చేయకపోతే కెమెరా పక్కకు మెల్లగా జరిగే దృశ్యాల్లో చిత్రం సన్నగా కుదుపుతుంది. డెస్క్‌టాప్ బోర్డులకు హెచ్‌డీఎంఐ సీఈసీ సాధారణంగా ఉండదు, టీవీ రిమోట్ పనిచేయాలంటే పల్స్-ఎయిట్ వారి యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. ఇంట్లో పెద్దవాళ్లు మౌస్ పట్టుకోకుండా సినిమా పెట్టుకోగలగడం చిన్న విషయం కాదు, ఆ ఖర్చు పెట్టండి.

ఈ వరుసంతా చూశాక 4కే టీవీ, సొంత నిల్వ, యూట్యూబ్ మాత్రమే ఉన్న ఇంటికి ఫ్యాను లేని ఎన్100 బోర్డును, వేరే గదిలో హార్డ్ డిస్కులను నా మొదటి ఎంపికగా చెబుతాను. పిల్లల ఆటలు, ఇతర పనులు కలిసిన ఇంటికి 45 వాట్లకు కట్టిన 8600జీ, 70 మిల్లీమీటర్ల కూలర్, కాస్త లావైన కేబినెట్.

ఆ రెండో రకం తీసుకున్నవారు బయాస్‌లో ఫ్యాను వేగాన్ని సరిచేసే పని డిసెంబరులో చేయవద్దు. మే నెల మధ్యాహ్నం, ఏసీ వేయకుండా, టీవీ యూనిట్ తలుపులు రోజూ ఎలా ఉంచుతారో అలాగే ఉంచి, 4కే సినిమా ఒక గంట నడిపి, ప్రాసెసర్ ఎంతవరకు చేరిందో చూసి, దానికి ఐదారు డిగ్రీల పైదాకా ఫ్యాను ఒకే మెల్లని వేగంతో ఉండేలా బయాస్‌లో ఉష్ణోగ్రతకు తగిన ఫ్యాను వేగాన్ని చూపే గీతను పెట్టండి. కొన్ని బోర్డుల్లో ఫ్యాను వేగం పెరగడానికి పట్టే సమయాన్ని పొడిగించే సెట్టింగు ఉంటుంది, దాన్ని చివరి వరకూ జరపండి. నిలకడగా ఉండే చిన్న ధ్వనిని చెవి కాసేపటికి మరిచిపోతుంది, పెరుగుతూ తగ్గుతూ ఉండే ధ్వనిని మరిచిపోలేదు.